రాగిరేకు మీద ద్వీపం - చందా జాబితాలో పేర్లు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సంచిక వెలువడినప్పుడు పాఠకులలో చాలామంది మొట్టమొదట తెరిచేది దాతల జాబితా. తమ పేరు సరిగా పడినదా, తండ్రిగారి ఇంటిపేరు తప్పులేకుండా అచ్చయినదా అని చూసుకున్న తరువాతనే మిగిలిన పుటలు తిప్పుతారు. ఇందులో నవ్వుకోవలసినది ఏమీ లేదు. ఒక మంచిపని పూర్తి కాకముందే, అది పూర్తి కాగలదని నమ్మి సొమ్ము ఇచ్చిన వారి పేర్లను పుస్తకంలో ముద్రించడం రెండు శతాబ్దాలకు పైబడిన ఆచారం. ముంబయి రేవుకు ఎదురుగా కనిపించే ఎలిఫెంటా ద్వీపం, దానికి చుట్టుపట్ల ఉన్న దీవుల ప్రకృతి దృశ్యాలు, ప్రాచీన శిల్పాలు రాగిరేకుల మీద చెక్కబడి లోకానికి తెలిసిన కథలో ఈ ఆచారానికి పెద్ద పాలు ఉంది. ఆ కథే ఈ ప్రసంగ విషయం.

గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర పడవ ఎక్కితే సుమారు గంటలో చేరే ఆ ద్వీపానికి స్థానికులు పెట్టుకున్న పేరు ఘారాపురి. ఎలిఫెంటా అన్నది పోర్చుగీసువారు పెట్టిన పేరు. ద్వీపం మీద దిగిన చోట నల్లరాతితో చెక్కిన పెద్ద ఏనుగు బొమ్మ కనిపించడం వల్ల వారు ఆ పేరు పెట్టారు. కొండను తొలిచి నిర్మించిన ప్రధాన గుహాలయం క్రీస్తుశకం 6వ శతాబ్దం నాటిది. చీకటి నిండిన ఆ మండపం లోపలి గోడలో ఇరవై అడుగులకు దరిదాపు ఎత్తున మూడు ముఖాలతో నిలిచిన సదాశివమూర్తిని చూసిన వారికి మాట రాదు. అర్ధనారీశ్వరుడు, గంగాధరుడు, కల్యాణసుందరమూర్తి, నటరాజు, కైలాసాన్ని ఎత్తబోయిన రావణుడు, అంధకాసుర సంహారం చేస్తున్న శివుడు చుట్టూ గోడలలో కొలువై ఉన్నారు. 1987లో యునెస్కో ఈ గుహలను ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

అంతటి శిల్పసంపదను నిర్మించిన రాజు ఎవరు? ఈ చిన్న ప్రశ్నకు నేటికీ నిర్వివాదమైన సమాధానం లేదు. కొందరు కొంకణ మౌర్యులంటారు. ద్వీపంలో దొరికిన నాణేలను బట్టి చాలామంది కలచురి రాజు కృష్ణరాజు కాలం వైపు మొగ్గుతారు. సమాధానం దొరకకపోవడానికి ఒక కారణం ఉంది. గుహ ద్వారం దగ్గర ఒక శాసనశిల ఉండేదనీ, పోర్చుగీసు అధికారులు దానిని ఊడదీయించి తమ రాజుకు పంపారనీ, అక్కడ దానిని చదవగల మనిషి దొరకలేదనీ పోర్చుగీసు చరిత్రకారుడు దియోగో దో కోతో రాశాడు. ఆ శిల తరువాత ఏమైనదో జాడ లేదు. ఊడదీయడానికి ముందు ఎవరైనా ఒక కాగితం మీద ఆ అక్షరాలను, అర్థం తెలియకపోయినా, ఉన్నవి ఉన్నట్టు గీసి ఉంచినట్లయితే ఇవాళ పండితులు చదివి ఉండేవారు. ఒక్క నకలు లేకపోవడం వలన ఒక రాజవంశం పేరే సందేహంలో పడింది.

రాతి ఏనుగు గతి మరొక రకం. 1712లో కెప్టెన్ పైక్ అనే ఆంగ్ల నావికుడు ద్వీపాన్ని చూసి, ఆ ఏనుగు బొమ్మను గీసి, వర్ణన రాసి పెట్టాడు. దాదాపు నూరేండ్ల తరువాత 1814లో ఏనుగు తల, మెడ విరిగి కింద పడ్డాయి. తరువాత మొండెం కూడా కూలింది. 1864లో ఆ ముక్కలను బొంబాయికి చేర్చి విక్టోరియా ఉద్యానవనంలో ఉంచారు. 1914లో వాటిని తిరిగి అతికించి నిలబెట్టారు. ఇవాళ జిజామాతా ఉద్యానంగా పిలువబడే ఆ తోట పక్కన, భావు దాజీ లాడ్ మ్యూజియం ఆవరణలో ఆ ఏనుగు నిలిచి ఉంది. తోటలోని జంతువులను చూడటానికి పిల్లలను తీసుకుపోయే తల్లిదండ్రులు ఈసారి ఆ ఏనుగు దగ్గర కూడా కాసేపు ఆగితే బాగుంటుంది. ఒక ద్వీపానికి పేరునిచ్చి, ఆ ద్వీపాన్నే విడిచి వచ్చిన ఏనుగు అది.

శిల కూడా శాశ్వతం కాదని ఈ రెండు సంఘటనలు చెబుతాయి. అటువంటప్పుడు కాగితం మాత్రం ఎంతకాలం ఉంటుందని ఎవరైనా అడగవచ్చు. ఒక్క కాగితమైతే ఉండదు. వంద కాగితాలై వంద ఇండ్లలో ఉన్నప్పుడు ఒకటి కాకపోతే ఒకటి మిగులుతుంది. చేతితో గీసిన చిత్రానికీ, ముద్రించిన చిత్రానికీ ఉన్న తేడా ఇదే.

ఫొటోగ్రఫీ రాకముందు ఒక దృశ్యాన్ని వంద కాగితాల మీదకు తేవడం ఎంత శ్రమతో కూడిన పనో నేటి పిల్లలకు ఊహించడం కష్టం. ముందుగా చిత్రకారుడు ఎండలో, వానలో, దోమల మధ్య కూర్చుని దృశ్యాన్ని గీయాలి. తరువాత అద్దంలా నునుపు చేసిన రాగిరేకు మీద తేనెమైనంవంటి పూత పూసి, సూదితో ఆ పూతను గీకుతూ బొమ్మ గీయాలి. రేకును ఆమ్లంలో ముంచితే పూత తొలగిన గీతల వెంట మాత్రమే ఆమ్లం రాగిని తిని చిన్న కాలువలు ఏర్పరుస్తుంది. నీడలు, మేఘాలు, నీటి మెరుపు చూపవలసి వస్తే మెత్తని గుగ్గిలపు పొడి చల్లి, వేడిచేసి అంటించి, మళ్ళీ ఆమ్లంలో ఉంచుతారు. దీనికే ఆక్వాటింట్ అని పేరు. ఆ పైన రేకు నిండా సిరా పులిమి, పలుచని గుడ్డతో పైపైన తుడిస్తే గీతల లోపల మాత్రం సిరా నిలుస్తుంది. తడిపిన మందపాటి కాగితం పరిచి, రోలరు యంత్రంలో గట్టిగా నొక్కితే బొమ్మ కాగితం మీదకు వస్తుంది. ముద్ర కుడి ఎడమలు తారుమారై పడుతుంది కనుక రేకు మీద అంతా తిరగేసి గీయాలి. అద్దంలో ముఖం చూసుకుంటూ అక్షరాలు రాయబోయిన పిల్లవాడికి ఆ కష్టం కొంత తెలుస్తుంది. ఒక్కొక్క ప్రతికి మళ్ళీ సిరా, మళ్ళీ తుడుపు. రంగులు కావాలంటే ఒక్కొక్క కాగితం మీద కుంచెతో విడివిడిగా వేయాలి.

రాగి మెత్తని లోహం. నొక్కిన కొద్దీ గీతలు అరుగుతాయి. మొదటి ప్రతులలో ఉండే పదును చివరి ప్రతులలో ఉండదు. అందువల్ల ముందుగా పేరు నమోదు చేసుకున్న వారికి మంచి ప్రతి దక్కుతుందన్నది వట్టి ప్రలోభం కాదు, లోహధర్మం.

ఇంత పనికి రాగి, కాగితం, యంత్రం, పనివారి జీతాలు అన్నీ ముందే కావాలి. అమ్మకం సొమ్ము మాత్రం పని ముగిశాకనే చేతికి వస్తుంది. చిత్రకారుని ఇంట అంత ధనం ఉండదు. పుస్తక వ్యాపారి అంత సాహసం చేయడు. ఈ చిక్కుకు కనిపెట్టిన ఉపాయమే చందా. ఎన్ని పటాలు వేయదలచినదీ, ఏ కొలతలో వేయదలచినదీ, వెల ఎంతైనదీ వివరిస్తూ చిత్రకారుడు ఒక ప్రకటన పత్రం వెలువరిస్తాడు. ఇష్టమైనవారు పేరు రాయించుకొని సొమ్ములో కొంత ముందుగా ఇస్తారు. తగినన్ని పేర్లు చేరితే పని సాగుతుంది. పటాలన్నీ ఒక్కసారే కాక భాగాలుగా వెలువడతాయి. మొదటి భాగం చేతికి అందిన నమ్మకంతో రెండవ భాగానికి సొమ్ము వస్తుంది. చాలా గ్రంథాలలో చందాదారుల పేర్లు వరుసగా అచ్చవుతాయి. దొరవారి పేరు పక్కన దుకాణదారు పేరు కూడా అదే అక్షరాలలో పడుతుంది.

భారతదేశంలో ఈ పద్ధతిని సమర్థంగా నడిపిన వారిలో థామస్ డేనియల్, విలియం డేనియల్ ముఖ్యులు. వారు పినతండ్రి, కొడుకు వరుస. 1785లో ఇంగ్లండు నుండి ఓడ ఎక్కేనాటికి విలియం వయస్సు సుమారు 16 ఏండ్లు, అంటే ఈ పాఠశాల పదవ తరగతి పిల్లల ఈడు. 1786లో కలకత్తా చేరిన వెంటనే ఆ నగర దృశ్యాలను 12 పటాలుగా వేస్తామని చందా ప్రకటన చేశారు. సంపుటం వెల 12 బంగారు మొహరీలు. అక్కడ ఆ పని తెలిసిన వారు దొరకక, చిత్రకారుడు, చెక్కేవాడు, రాగి పనివాడు, అచ్చు కూలీ అన్నీ తానే కావలసి వచ్చిందని థామస్ ఒక లేఖలో వాపోయాడు. 1788 చివరకు పన్నెండు పటాలూ పూర్తయ్యాయి. ఆ రాబడితో వారు ఉత్తర భారతమంతా తిరిగారు. తరువాత తమ చిత్రాలను లాటరీ పెట్టి, ఆ సొమ్ముతో దక్షిణాదిని చూశారు. మద్రాసులో మరొక లాటరీ వేసి, ఇంటిదారి పట్టే ముందు 1793లో బొంబాయి చేరారు.

ఆనాటి బొంబాయి నేటి నగరం కాదు. కొలాబా, ముదుసలి స్త్రీ ద్వీపమని పేరు పొందిన చిన్న కొలాబా, బొంబాయి, మజగాం, పరేల్, వర్లీ, మాహిం అనే ఏడు దీవుల సముదాయం. 1661లో పోర్చుగీసు రాకుమారి కేథరిన్ వివాహ సందర్భంలో ఆంగ్ల రాజు రెండవ చార్లెస్‌కు కట్నంగా వచ్చి, 1668లో ఏడాదికి 10 పౌండ్ల శిస్తుపై ఈస్టిండియా కంపెనీకి చేరిన ప్రాంతం. పక్కనే ఉన్న సాల్సెట్‌ను, ఎలిఫెంటాను ఆంగ్లేయులు 1774లో మరాఠాల నుండి ఆక్రమించగా, 1782 నాటి సాల్బాయి సంధి వాటిని వారికే ఉంచింది. దీవుల మధ్య పోటు సమయంలో సముద్రజలం చొరబడేది. గవర్నరు విలియం హార్న్‌బీ పేరిట వెల్లార్డ్ అని పిలువబడిన అడ్డుకట్ట 1780లలో మహాలక్ష్మికీ వర్లీకీ మధ్య లేచి ఆ నీటిని ఆపింది. దీవులు ఒక నగరంగా కలియడానికి అది పెద్ద మలుపు.

ఆ మలుపులోనే, 1791లో, జేమ్స్ వేల్స్ అనే స్కాట్లండు చిత్రకారుడు బొంబాయిలో దిగాడు. 1747లో జన్మించిన వేల్స్‌కు అప్పటికి నలభై నాలుగేండ్లు. పూనా దర్బారులో ఆంగ్ల రెసిడెంటుగా ఉన్న చార్లెస్ మాలెట్ ప్రోత్సాహంతో పీష్వా రెండవ మాధవరావు, నానా ఫడ్నవీసు, మహాదజీ సింధియా మొదలైన వారి రూపచిత్రాలు వేశాడు. అవి జీవనోపాధి. ఆయన మనసు మాత్రం దీవుల మీద, గుహల మీద లగ్నమై ఉంది. 1791, 1792 సంవత్సరాలలో బొంబాయి ద్వీపం, పరిసరాల దృశ్యాలను గీసి, వాటిని 12 రాగిరేకుల మీదకు ఎక్కించే పని చేపట్టాడు. మలబారు కొండ మీది నుండి, సయన్ కోట మీది నుండి, బెల్మాంట్ మేడ నుండి కనిపించే దృశ్యాలు వాటిలో ఉన్నాయి. పైన చెప్పిన అడ్డుకట్ట పటం కూడా ఉంది. నేడు వాహనాలు కిక్కిరిసిన హాజీ అలీ, వర్లీ ప్రాంతం ఒకనాడు నీరు, రాళ్లు, ఒంటరి కట్ట మాత్రమేనని ఆ పటం సాక్ష్యం చెబుతుంది.

బొంబాయి వచ్చిన డేనియళ్లకు వేల్స్ ఆతిథ్యమిచ్చి, స్వయంగా గుహల దారి చూపించాడు. ముగ్గురూ కలిసి ఎలిఫెంటా, జోగేశ్వరి, కాన్హేరి, కార్లే చూసి చిత్రాలు గీశారు. ఒకే వృత్తిలో ఉన్నవారు, ఒకే విపణిలో అమ్ముకోవలసినవారు ఒకరికొకరు విషయం దాచుకోకపోవడం అన్ని కాలాలలోనూ అరుదే.

వేల్స్ తన పటాల సంపుటాన్ని కళ్లారా చూసుకోలేదు. ఎల్లోరాలో చిత్రాలు గీసి వచ్చి, సాల్సెట్ ద్వీపంలోని కాన్హేరి గుహలలో పనిచేస్తూ జ్వరపడి, 1795 నవంబరులో మరణించాడు. బొంబాయి దృశ్యాల సంపుటం ఆయన గతించిన తరువాత 1800లో లండనులో వెలువడింది. ఆయన కుమార్తె సుసానా 1799లో మాలెట్‌ను వివాహమాడింది. ఎల్లోరా చిత్రాలు డేనియళ్ల చేతికి వచ్చాయి. అవి తమవి కావు. గీసినవాడు తిరిగి వచ్చి అడగబోడు. అయినా 1803లో ఎల్లోరా గుహల పటాలు 24 వెలువడినప్పుడు, అవి జేమ్స్ వేల్స్ చిత్రాల నుండి చేసినవని శీర్షిక పుట మీదనే ముద్రించారు. మిత్రుని శ్రమను మిత్రుని పేరుతోనే లోకానికి అందించారు. ఈ ఒక్క పుట విలువ విద్యార్థులు గ్రహించదగినది.

డేనియళ్ల సొంత మహాగ్రంథం, ప్రాచ్య దృశ్యాలు అనదగిన ఓరియంటల్ సీనరీ, 1795 నుండి 1808 వరకు భాగాలుగా సాగి 144 పటాలతో ముగిసింది. ఎలిఫెంటా గుహాముఖం, లోపలి మండపం ఇందులో ఉన్నాయి. సంపూర్ణ సంపుటం వెల 210 పౌండ్లు. సామాన్య గృహస్థు కొనగలిగినది కాదు. అయినా ఒకే విడత కాక భాగాలుగా రావడం వలన, పదమూడేండ్లపాటు ఆ పని ఆగకుండా నడిచింది.

ఈ ద్వీపాన్ని వర్ణించినవారు వీరు మాత్రమే కారు. 1760లలో డెన్మార్కు రాజు పంపిన యాత్రలో ప్రాణాలతో మిగిలిన కార్స్టెన్ నీబూర్ ఎలిఫెంటా గుహను కొలిచి, పటాలతో తన యాత్రా గ్రంథంలో ప్రచురించాడు. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన జాన్ గోల్డింగ్‌హాం ఈ గుహను గూర్చి రాసిన వ్యాసం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పరిశోధన సంపుటాలలో నాల్గవదానిలో వెలువడింది. ఒకరు కొలిచారు, ఒకరు వర్ణించారు, ఒకరు చిత్రించారు. ఒకరి లోపాన్ని మరొకరు పూరించారు.

లోపాలు లేకపోలేదు. ఆనాటి ఆంగ్లేయ రసికులకు రమ్యత అంటే ఒక నిశ్చితమైన అచ్చు ఉండేది. ఒక పక్క చెట్టు వంగి ఉండాలి, దూరాన నీరు మెరవాలి, శిథిలం మీద తీగ పాకాలి, కొలత తెలియడానికి ఇద్దరు ముగ్గురు మనుషులు నిలబడాలి. ఈ అభిరుచికి లొంగి కొన్ని పటాలలో ప్రకృతి కొంత సర్దుబాటుకు గురి అయింది. ఇంతకు మించిన లోపం మరొకటి ఉంది. పటం కింద చిత్రకారుని పేరు ఉంటుంది, చెక్కినవాని పేరు ఉంటుంది, ప్రచురించిన తేదీ ఉంటుంది. పటంలో కనిపించే పడవవాని పేరు, పల్లకి మోసినవాని పేరు, గొడుగు పట్టినవాని పేరు ఉండవు.

ఆ మరుగునుండి వెలికి వచ్చిన పేరు ఒకటి ఉంది: గంగారాం తంబట్. మరాఠీలో తంబట్ అంటే రాగి పనివాడు. పూనాలో వేల్స్ దగ్గర పనిచేసి, పాశ్చాత్య చిత్రణ పద్ధతిని ఒంటబట్టించుకున్న ఈ మరాఠీ కళాకారుడు మాలెట్ కోసం ఎల్లోరా, కార్లే గుహలను చిత్రించాడు. కొలతలోను, శిల్పాల అంగవిన్యాసంలోను ఆయన చూపిన శ్రద్ధ గొప్పది. ఆ చిత్రాలు ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వారి బ్రిటిష్ కళా కేంద్రంలో ఉన్నాయి. ఖరీదైన పటాల సంపుటాలు కొన్నవారిలో ఎందరికి ఆ పేరు తెలిసి ఉంటుంది? పేరు రాసి ఉంచిన కాగితాలు మిగలడం వలననే ఆయన ఇవాళ చరిత్రలోకి వచ్చాడు.

తెలుగువారికి ఈ కథతో సంబంధం ఇక్కడే మొదలవుతుంది. అడ్డుకట్టల వలన ఆరిన పల్లపు నేల మీద వెలసిన పేటలలో కామాటిపుర ఒకటి. కామాటి అంటే మట్టిపని, కట్టుబడి పని చేసే శ్రామికుడు. నిజాం రాజ్యంలోని తెలంగాణ ప్రాంతాల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి, తట్ట, పార, గునపం పట్టి ఈ నగరపు రోడ్లకు, మేడలకు, రేవులకు చెమటోడ్చిన వారి వలననే ఆ పేటకు ఆ పేరు వచ్చింది. గ్రంథాలలో దృశ్యంగా నిలిచినది నగరం. దానిని నిలబెట్టినవారు జాబితాలో లేరు.

అయితే వారు ఎల్లకాలం జాబితాకు వెలుపల ఉండిపోలేదు. పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధానికి ఆ సమాజం నుండే కట్టడాల గుత్తేదారులు ఎదిగారు. 1873లో మహాత్మా జ్యోతిరావు ఫూలే సత్యశోధక సమాజాన్ని స్థాపించినప్పుడు బొంబాయిలో దానికి అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు మొదలైన తెలుగువారు ఉన్నారు. రాళ్లు మోసిన చేతులకు వారసులైనవారు అక్షరానికి చందా ఇచ్చారు.

చందాతో గ్రంథాలు ప్రచురించే పద్ధతి తెలుగు దేశంలో మహోద్యమంగా మారిన ఘట్టం వెనుక కూడా మహారాష్ట్ర ఉంది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు నాగపూరులో చదువుకొని, మరాఠీ సాహిత్యాన్ని ఆపోశన పట్టి, ఆ భాషలో చరిత్ర, విజ్ఞాన గ్రంథాలు ఎట్లా వెలువడుతున్నవో కళ్లారా చూసినవారు. అటువంటివి తెలుగులో లేవన్న బాధతో మిత్రులతో కలిసి 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని నెలకొల్పారు. చందాదారులుగా చేరినవారికి గ్రంథాలు తక్కువ వెలకు అందేవి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాం లింకను చరిత్ర మండలి తొలి ప్రచురణ. లండనులో 210 పౌండ్లు పెట్టగల శ్రీమంతుల కోసం నడిచిన పద్ధతి, ఇక్కడ బడిపంతుళ్లు, గుమాస్తాలు కొనగల పుస్తకాల కోసం నడిచింది. ఉపాయం ఒకటే, పుచ్చుకున్నవారు వేరు. ఎక్కువమందికి అందినప్పుడే ఆ ఉపాయానికి సార్థకత.

రాగిరేకు యుగం క్రమంగా ముగిసింది. 1871లో జేమ్స్ బర్జెస్ ఎలిఫెంటా గుహలపై వెలువరించిన గ్రంథంలో ఫొటోలు చేరాయి. ఇవాళ ఎలిఫెంటా వెళ్లిన ప్రతి బాలుని చేతిలోనూ ఫోను ఉంది. ఒక్క గంటలో వందల చిత్రాలు పోగవుతాయి. వాటిలో ఎన్ని ఇరవై ఏండ్ల తరువాత కనిపిస్తాయో చెప్పడం కష్టం. వేల్స్ గీసిన 12 దృశ్యాలు రెండు శతాబ్దాలకు పైగా నిలిచాయి. తీయడం సులభమైనప్పుడు దాచడం మరపునపడుతుంది. ఏ రోజు, ఎక్కడ, ఎవరు అన్న మూడు మాటలు చిత్రం వెనుక రాయకపోతే, అది పోర్చుగలు చేరిన శాసనశిల వంటిదే: ఉన్నా చదవగలవారు ఉండరు.

ఇటువంటి పాఠశాలలకు కూడా ఈ మాట వర్తిస్తుంది. సొంత రాష్ట్రానికి దూరంగా, మరాఠీ గడ్డ మీద, తెలుగు మాధ్యమంలో చదువు చెప్పే బడులకు పిల్లలు తగ్గుతున్న కాలమిది. తమ పిల్లలను ఆంగ్ల మాధ్యమంలో చేర్చిన తల్లిదండ్రులను నిందించి ప్రయోజనం లేదు. వారు చూసేది బ్రతుకుదెరువు. కాని డెబ్బది అయిదేండ్ల జ్ఞాపకం ఎక్కడ ఉంది? హాజరు పట్టీలలో, పాత ఫీజు రసీదులలో, ఇండ్లలో అటకల మీద ఉన్న తరగతి ఫొటోలలో, కొందరు పెద్దల నోటిలో ఉంది. పట్టీలకు చెదలు పడుతుంది. పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. రాతి ఏనుగు మెడ కూలిన తరువాత ముక్కలు ఏరి అతికించడానికి నూరేండ్లు పట్టింది. కూలక ముందు గీసుకోవడానికి ఒక పూట చాలు.

అందుచేత ఈ సంచిక చేతికి అందిన ప్రతి కుటుంబమూ ఒక పని చేయవచ్చును. ఇంటిలో ఉన్న పాత తరగతి ఫొటోను తీసి, గుర్తున్నంతవరకు వరుసగా పేర్లు, సంవత్సరం, ఊరు, వీధి దాని వెనుక రాసి, ఒక నకలు పాఠశాలకు ఇవ్వవచ్చును. గుర్తులేని ముఖం దగ్గర ఖాళీ విడిచిపెట్టాలి. మరొకరు పూరిస్తారు. నీబూర్ విడిచినది గోల్డింగ్‌హాం పూరించినట్లు. రాసేటప్పుడు ప్రధానోపాధ్యాయుల పేరు, దాతల పేర్లు మాత్రమే కాక, గంట కొట్టిన జవాను పేరు, మంచినీళ్లు పట్టిన ఆయా పేరు, గోడలు కట్టిన మేస్త్రీ పేరు కూడా రాయాలి. పెద్ద పటాల కింద చోటు దొరకని పేర్లు అవే.

చందా అంటే సొమ్ము మాత్రమే కాదు. ఇంకా కంటికి కనిపించని పనిని నమ్మి ముందుగా ఇచ్చే మాట. డేనియళ్ల పటాలకు చందా కట్టినవారందరూ ఎలిఫెంటాను చూసినవారు కారు. ఈ పాఠశాల వంటి తెలుగు బడులకు తొలి రోజులలో కూలిడబ్బుల నుండి అణా, బేడా ఇచ్చినవారు కూడా, ఆ బడిలో చదువబోయే మనుమలను అప్పటికి చూసినవారు కారు. ఆ మనుమలు, మునిమనుమలు ఈ సభలో ఉన్నారు. తాతలు కట్టిన చందాకు పుస్తకం అందవలసిన వంతు ఇప్పుడు వచ్చింది.